బొమ్మ ఎక్కడ అచ్చవుతుందో ముందు అడగండి

ప్రశ్న: నమస్తే సార్. మాది గుంటూరు, బ్రాడీపేట. యానిమేషన్ కోర్సు చేశాను. బ్లెండర్‌లో 3డీ మోడల్ కట్టి, దాని మీద ఫోటోషాప్‌లో పెయింట్ చేసి బొమ్మలు తయారుచేస్తాను. కిందటేడు ఒక కారం కంపెనీకి మ్యాగజైన్ యాడ్ కోసం ఎండుమిర్చి గుట్ట, రోలు, పక్కన ప్యాకెట్ ఉన్న బొమ్మ వేసిచ్చాను. నాలుగు వేలు ఇచ్చారు. అచ్చయ్యాక చూస్తే ఎరుపంతా ఇటుక రంగుకి తిరిగింది. తప్పు నాదే అన్నారు. ఆ తర్వాత అదే బొమ్మ హోర్డింగ్ మీద, ప్యాకెట్ల మీద, సరుకు వేసే ఆటోల వెనకాల కూడా కనిపించింది. అడిగితే, 'డబ్బులిచ్చాం కదమ్మా, కంప్యూటర్ వేసిన బొమ్మేగా, ఆ ఓపెన్ ఫైల్ (ఎలా కావాలంటే అలా మార్చుకోగలిగే అసలు ఫైలు) కూడా పంపు' అంటున్నారు. ఇప్పుడు విజయవాడలో ఒక బట్టల షాపు వాళ్ళు సంక్రాంతి యాడ్ అడుగుతున్నారు. ఒక పత్రిక వాళ్ళు కథలకు బొమ్మలు వేస్తావా అంటున్నారు. ఏఐతో వేసేస్తే పని తొందరగా అయిపోతుందని మా తమ్ముడి సలహా. రేటు ఎలా చెప్పాలి? హక్కులు ఎవరివి? నాకు టెన్షన్‌గా ఉంది.
— గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో రంగు గొడవ, డబ్బు గొడవ, హక్కుల గొడవ వేరువేరుగా రాశారు. నాకు మాత్రం మూడూ ఒకచోటే మొదలైనట్టు కనిపిస్తోంది. ఆ బొమ్మ ఏ కాగితం మీద, ఎంత సైజులో, ఎన్నాళ్ళు కనిపించబోతోందో మీరు అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. మౌస్ ముట్టుకునే ముందే అడగాల్సిన మాట అది. రంగులు ఎలా పెట్టాలో, ఎంత అడగాలో, కాగితం మీద ఏం రాసుకోవాలో దాన్నిబట్టే తేలుతుంది.

ముందు మీ ఎరుపు సంగతి చూద్దాం. ఎందుకంటే గుంటూరులో ఉండి పనిచేసేవాళ్ళకి ఎరుపుతో తిప్పలు తప్పవు.

మానిటర్ మీద ఎరుపు వెలుతురుతో పుడుతుంది. కాగితం మీద నాలుగు ఇంకులతో రావాలి: సయాన్, మజెంటా, పసుపు, నలుపు. స్క్రీన్ మీద కళ్ళు జిగేలుమనే ఎరుపు ఈ నాలుగు ఇంకుల పరిధిలోనే లేదు. ప్రెస్సులో వచ్చే గట్టి ఎరుపంటే మజెంటా నూరు శాతం, పసుపు నూరు శాతం. అది కూడా కాస్త నారింజ వైపే మొగ్గుతుంది. దాంట్లో సయాన్ పదో పదిహేనో శాతం కలిసిందంటే చాలు, మెరుపు పోయి గోధుమ రంగులోకి జారిపోతుంది. ఇక మీ బొమ్మలో ఉన్నది ఒక్క మిరపకాయ కాదు, గుట్ట. ప్రతి కాయ కిందా నీడ, ప్రతి ముడతలోనూ నీడ. 3డీ రెండర్, అంటే మోడల్ నుంచి కంప్యూటర్ తీసిచ్చే బొమ్మ, ఆ నీడలన్నీ నిజాయితీగా లెక్కగట్టి ఇస్తుంది. ఆ ఫైలుని స్క్రీన్ రంగుల లెక్కైన ఆర్జీబీ నుంచి నాలుగు ఇంకుల లెక్కైన సీఎంవైకేలోకి మార్చగానే నీడ ఉన్న ప్రతిచోటా సయాన్, నలుపు వచ్చి కూర్చుంటాయి. పైగా లోపలి పేజీ పూత లేని మామూలు కాగితమైతే ఇంకుని పీల్చుకుంటుంది, చుక్కలు ఉబ్బుతాయి, బొమ్మ ఇంకో మెట్టు నల్లబడుతుంది. ఇటుక రంగు వచ్చింది అందుకే.

తప్పెవరిదంటారా? మీరు ఆర్జీబీలో జేపీజీ చేసి వాట్సాప్‌లో ఫోటోలాగా పంపి ఉంటే, అక్కడి డీటీపీ ఆపరేటర్ ఒక్క నొక్కుతో మార్చేసి పేజీలో పెట్టేసి ఉంటాడు. సగం మీది, సగం ప్రూఫ్ చూడకుండా ఓకే చెప్పినవాళ్ళది. ఇకనుంచి మార్పిడి మీ చేతులతోనే చెయ్యండి. ప్రెస్సుకి ఫోన్ చేసి ఏ కాగితమో, వాళ్ళు వాడే కలర్ ప్రొఫైల్ (ఆ కాగితం, ఇంకుల రంగుల లెక్క ఉన్న ఫైలు) ఏదో అడిగి, ఫోటోషాప్‌లో అచ్చయ్యాక ఎలా ఉంటుందో స్క్రీన్ మీదే చూపించే ప్రూఫ్ కలర్స్ ఆన్ చేసుకుని పెయింట్ చెయ్యండి. కాయ మీద వెలుతురు పడే వైపు సయాన్ సున్నా ఉండేలా చూసుకోండి. నీడల్ని మరీ గాఢంగా పెట్టకండి. ఎరుపు చాలదనిపిస్తే ఎరుపు పెంచే ప్రయత్నం మానేసి దాని పక్క రంగు మార్చండి. తెల్లటి గోనెపట్టా మీదో, పచ్చటి అరిటాకు పక్కనో పెడితే అదే మజెంటా, అదే పసుపు ఒక్కసారిగా ఎర్రబడతాయి. నాలుగు ఇంకులూ కలిపి మొత్తం ఎంత అవుతోందో కూడా చూసుకోవాలి. పూత ఉన్న ఆర్ట్ పేపర్ మీద మూడు వందల శాతం దాకా తట్టుకుంటుంది. వార్తాపత్రికలకి వాడే న్యూస్‌ప్రింట్ మీద 240 దాటితే ఇంకు ఆరదు, ఎదురు పేజీకి అంటుకుంటుంది. సన్న అక్షరాలు ఉంటే ఒక్క నలుపు ఇంకుతోనే ఉండాలి.

పాత వారపత్రికల బొమ్మలు గీతల మీదే ఎందుకు నడిచేవో కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది. న్యూస్‌ప్రింట్ మీద లైన్ బ్లాకుతో (గీతలు మాత్రమే పట్టే లోహపు అచ్చుతో) అచ్చయ్యేటప్పుడు సన్నని షేడింగులు నిలబడేవి కావు, గీత నిలబడేది. బాపు గీతకి అంత బలం ఉండటం ఆయన చేతి గొప్పదనమే. కానీ ఆ కాగితానికి ఏం కావాలో తెలిసిన చెయ్యి కూడా అది.

సైజు లెక్క సులువు. ఏ4 పేజీ నిండా బొమ్మ కావాలంటే 210 బై 297 మిల్లీమీటర్లు. కటింగ్‌లో అంచు తెల్లగా రాకుండా నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ కలిపితే 216 బై 303. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర అది సుమారు 2,551 బై 3,579 పిక్సెళ్ళు. హోర్డింగ్ అనగానే అదే 300 పెట్టుకుని కంప్యూటర్‌ని చంపకండి. 20 బై 10 అడుగుల ఫ్లెక్సీకి 300 డీపీఐ అంటే 72,000 బై 36,000 పిక్సెళ్ళు. రెండర్ తెల్లారినా తెమలదు. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో ఆగిన మనిషి అంత దగ్గరగా చూడడు కదా, అసలు సైజు మీద 72 ధారాళంగా చాలు, పెద్దవాటికి ఇంకా తక్కువైనా సరిపోతుంది. అసలు తేడా వేరేచోట ఉంది. పేజీలో ముచ్చటగా ఉన్న చిన్న చిన్న వివరాలు రోడ్డు మీద కనపడవు. అదే బొమ్మని పెద్దది చేసి హోర్డింగ్ మీద వేశారంటే వాళ్ళకీ నష్టమే. ఈ మాట వాళ్ళకి చెప్పండి, డబ్బు మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

'కంప్యూటర్ వేసిన బొమ్మేగా' అన్న మాటకి మీరు గంటల లెక్క చెప్పి వాదించకండి. ఎన్ని గంటలు పట్టిందని చెబితే, ఈసారి తొందరగా చేసి తగ్గించమంటారు. మీరు ఏం చూసి ఏం వేశారో చూపించండి. మిర్చి యార్డులో తిరిగే మనిషికి మిర్చి రకాల్లో తేజ కాయ వేరు, 334 వేరు, బాడిగ వేరు. తేజ సన్నం. బాడిగ ఒళ్ళంతా ముడతలు, రంగు ముదురు, కారం తక్కువ. ఘాటైన కారం అని రాసిన ప్యాకెట్ మీద ముడతల బాడిగ కాయ వేస్తే కొనే ఇల్లాలు పట్టించుకోకపోవచ్చు గానీ, యార్డులో కమిషన్ వ్యాపారి నవ్వుతాడు. గుట్టలో ఒక్క తాలు కాయ తెల్లగా కనిపించినా కంపెనీ ఓనరు ఒప్పుకోడు. ఎండిన కాయకి తొడిమ పాలిపోయి గడ్డి రంగులో ఉంటుంది, పచ్చగా ఉండదు. ఇవన్నీ కంప్యూటర్‌కి చెప్పింది మీరు. రఫ్, గ్రే మోడల్ (రంగు వెయ్యని 3డీ బొమ్మ), లైటింగ్, ఫైనల్ పెయింట్ నాలుగూ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి కొటేషన్‌తో పాటు పంపండి. మాటలు తగ్గుతాయి.

మీ తమ్ముడి సలహా కూడా ఇక్కడే తేలిపోతుంది. ఏఐని ఎండుమిర్చి గుట్ట అడిగి చూడండి. చాలాసార్లు నిగనిగలాడుతూ, లావుగా, పచ్చ తొడిమతో ఏ దేశపుదో తెలియని కాయ ఇస్తుంది. ప్యాకెట్ మీద తెలుగు అడిగితే వొత్తులు ఎటుపోతాయో చెప్పలేం. రఫ్‌లకి, లైటింగ్ ఆలోచనకి వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఫైనల్‌లో వాడితే క్లయింటుకి ముందే చెప్పండి. ఇంకా బజారులోకి రాని ప్యాకెట్ డిజైన్‌ని మాత్రం ఏ సైట్‌లోకీ ఎక్కించకండి.

చట్టం విషయంలో కూడా దీనికో చిక్కుంది. మన కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో ఒక వాక్యం చేరింది: కంప్యూటర్ ద్వారా పుట్టిన రచనకి, బొమ్మకి, ఆ పని జరిగేలా చేసిన వ్యక్తే కర్త. బ్లెండర్‌లో మీరు మోడల్ కట్టి, లైట్లు పెట్టి, పెయింట్ చేసిన బొమ్మకి కర్త మీరేనని చెప్పడానికి ఇబ్బందేమీ లేదు. నాలుగు మాటలు టైప్ చేస్తే యంత్రం ఇచ్చిన బొమ్మకి ఆ వాక్యం ఎంతవరకు వర్తిస్తుందన్నది ఇంకా గట్టిగా తేలలేదు. అమెరికా కాపీరైట్ ఆఫీసైతే 2023లో ఒక బొమ్మల పుస్తకం విషయంలో, మిడ్‌జర్నీ అనే ఏఐ ఇచ్చిన బొమ్మలకి రక్షణ లేదనే చెప్పింది. హక్కు ఉందో లేదో తెలియని సరుకుని యాడ్ క్లయింటుకి పూర్తి హక్కులతో అమ్ముతున్నానని సంతకం పెట్టడం మీకు మంచిది కాదు.

ఇక కారం కంపెనీ మీద మీ హక్కు. ఇది కొంచెం చేదుగా ఉంటుంది, వినండి. బొమ్మ గీసినవాళ్ళకే ఎప్పుడూ హక్కు అని చాలామంది అనుకుంటారు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్, పోర్ట్రెయిట్, తీయించుకున్న ఫోటో వంటివాటికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్ళే. డిజిటల్ బొమ్మ పెయింటింగ్ కిందకి వస్తుందా రాదా అని లాయర్లు వాదించుకోవచ్చు. ఆ వాదనకయ్యే ఖర్చు మీ నాలుగు వేలకి ఎన్నో రెట్లు. కాబట్టి కేసు మాట వదిలెయ్యండి. కానీ 'వేరే ఒప్పందం లేకపోతే' అన్న మాట పట్టుకోండి. 'మ్యాగజైన్ యాడ్ కోసం' అని వాళ్ళు వాట్సాప్‌లో రాసి ఉంటే ఆ చాట్ జాగ్రత్తగా దాచుకోండి. అది మీకున్న కాస్తంత ఆధారం.

ముందు ముందు చెయ్యాల్సింది మాత్రం చాలా చిన్న పని. కొటేషన్ కిందే నాలుగు లైన్లు రాసి, వాళ్ళ చేత సంతకం పెట్టించుకోండి: బొమ్మ మీద కాపీరైట్ నాదే, ఫలానా పత్రికలో, ఫలానా నెల నుంచి ఇన్ని నెలలు వాడుకోవచ్చు, ఇంకెక్కడ వాడినా వేరే రేటు. పూర్తి హక్కులు రాసిస్తే అది కూడా కాగితం మీదే ఉండాలి, సంతకం ఉండాలి. 19వ సెక్షన్ ప్రకారం అలా రాసిచ్చిన కాగితంలో కాలం చెప్పకపోతే 5 ఏళ్ళు అని, ప్రాంతం చెప్పకపోతే మన దేశం వరకే అని తీసుకుంటారు. కాగితంలో ఏమేమి రాయలేదో అది కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి ఓపిగ్గా రాయండి. హక్కులు రాసిచ్చేసినా బొమ్మ ఫలానావాళ్ళు వేశారని చెప్పుకునే హక్కు మీకు 57వ సెక్షన్ కింద మిగిలే ఉంటుంది.

రేటు కూడా వాడకాన్నిబట్టే కట్టండి. ఒక పత్రికలో ఒక నెల కనిపించే యాడ్‌ని మీ మూల రేటు అనుకోండి. హోర్డింగ్ చేరితే దాని మీద కొంత. ప్యాకెట్ అంటే ఏళ్ళ తరబడి నడిచేది, దానికి మూల రేటుకి ఎన్నో రెట్లు అడగడంలో సిగ్గుపడాల్సిందేం లేదు. పని మొదలెట్టే ముందు సగం అడ్వాన్స్. కరెక్షన్లు రెండుసార్లు, అవి కూడా గ్రే రఫ్ దశలోనే. రంగు వేశాక 'రోలు ఎడమవైపు పెడితే ఎలా ఉంటుంది' అంటే దానికి వేరే బిల్లు. ఓపెన్ ఫైల్ అంటే మీ వంటగది తాళం, ఊరికే ఇచ్చేది కాదు. ఇవ్వాల్సివస్తే దానికి విడిగా రేటు ఉండాలి.

బిల్లు కట్టించుకోవడం మన దగ్గర పెద్ద విద్య. చిన్న సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా రిజిస్టర్ చేసుకోండి, ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకి మూడింతలు చక్రవడ్డీ. ఎవరూ వడ్డీ ఇచ్చి చేతులు జోడించరనుకోండి. కానీ బిల్లు మీద ఉద్యమ్ నంబరు కనపడగానే వాళ్ళ ఆడిటర్ ఆ బిల్లుని పక్కన పెట్టడు, ఆలస్యమైతే ఆదాయపు పన్నులో ఖర్చు చూపించడానికి ఇబ్బంది వస్తుందని అతనికి తెలుసు. కంపెనీలు టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసుకుని ఇస్తే కంగారుపడొద్దు, మీ పాన్ మీద జమైందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకుని రిటర్న్‌లో తెచ్చుకోవచ్చు.

బట్టల షాపు వాళ్ళ సంక్రాంతి యాడ్. మన బట్టల షాపుల యాడ్లలో అమ్మాయి చీర కన్నా డిస్కౌంట్ అంకె పెద్దగా ఉంటుంది, దానికి మనసులో సిద్ధపడండి. తెలుగు మేటర్‌కి చోటు మాత్రం మీరు ముందే వదలాలి. పైన గుడులు, కింద వొత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ లైను పట్టే ఎత్తులో తెలుగు లైను పట్టదు. ఇంగ్లిష్‌లో లేఔట్ చేసి తర్వాత తెలుగు దూర్చిన యాడ్లలో వొత్తులు వెళ్ళి ముగ్గు మీదో, ఎద్దు కొమ్ము మీదో కూర్చుంటాయి. ఫోటోషాప్‌లో తెలుగు విడిపోతుంటే టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఎంపిక పెట్టుకోండి. రామభద్ర, మండలి, ధూర్జటి వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, యాడ్లకి వాడుకోవడానికి లైసెన్సు అడ్డం రాదు. డీటీపీ వాళ్ళు యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలో పెడితే, ఫైలు ప్రెస్సుకి వెళ్ళే ముందు అక్షరాల్ని కర్వ్స్‌లోకి, అంటే ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మల్లోకి, మార్చమని చెప్పండి.

ఇంకొక్కటి. ఎడ్ల బండి, కొబ్బరి చెట్టు లాంటి రెడీమేడ్ 3డీ మోడళ్ళు నెట్‌లో తీసుకుంటారు కదా, లైసెన్సులో 'ఎడిటోరియల్ యూజ్ ఓన్లీ' అని ఉందేమో చూడండి. అలాంటిది పత్రికలో వార్తకో వ్యాసానికో సరిపోతుంది, యాడ్‌లో మాత్రం వాడకూడదు. అలాగే 'మొహం ఆ హీరోలా ఉండాలి, పేరు పెట్టొద్దు' అనే క్లయింట్లు తగులుతారు. ఒప్పుకోవద్దు. అమితాబ్ బచ్చన్ పేరు, గొంతు, రూపం అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదని ఢిల్లీ హైకోర్టు 2022లోనే ఉత్తర్వు ఇచ్చింది.

పత్రిక పని తప్పకుండా ఒప్పుకోండి. డబ్బు తక్కువే ఉంటుంది. కథ మొత్తం చదివాకే బొమ్మ మొదలెట్టండి, చివరి మలుపుని బొమ్మలో బయటపెట్టకండి. పేరు వెయ్యాలన్నది ముందే అడగండి. రెండు పేజీల మీద పరిచే బొమ్మైతే మొహాన్ని మధ్య మడతలో పడనివ్వకండి, పిన్ను కొట్టే చోట సగం ముక్కు పోతుంది. విజయవాడ ఏలూరు రోడ్డు, గవర్నర్‌పేటల్లో ప్రెస్సులకీ డీటీపీలకీ కొదవ లేదు. గుంటూరు నుంచి గంట ప్రయాణం. మొదటి బొమ్మ అచ్చు ప్లేటుకి వెళ్ళే రోజున వెళ్ళి మెషిన్ దగ్గర నిలబడి చూడండి. కోర్సులో నేర్పనిది అక్కడ తెలుస్తుంది.

కారం కంపెనీకి ఈ వారమే ఈ మెసేజ్ పంపండి:

'నమస్తే సార్. కిందటేడు నేను వేసిన మిర్చి బొమ్మ మ్యాగజైన్ యాడ్ కోసమని మనం మాట్లాడుకున్నాం. ఇప్పుడు అది హోర్డింగ్, ప్యాకెట్, ఆటోల మీద కూడా వాడుతున్నారు, సంతోషం. ఈ వాడకాలకి రెండేళ్ళ రేటు బిల్లు జతచేస్తున్నాను. ప్యాకెట్‌కి ఒకటి, ఫ్లెక్సీకి ఒకటి, ఎరుపు సరిగ్గా వచ్చేలా రంగులు సరిచేసిన ఫైళ్ళు కూడా ఇందులోనే ఇస్తాను.'

ఆ చివరి వాక్యం తీసెయ్యకండి. రంగు పాడైందని వాళ్ళకీ గుచ్చుకుంటోంది కాబట్టి, పాత బొమ్మకి కాకపోయినా కొత్త ఫైళ్ళ కోసమైనా డబ్బు కదులుతుంది. బేరమాడతారు, కొంత తగ్గండి. ఓపెన్ ఫైల్ మాత్రం ఆ బేరంలో కలపకండి.